అరంగుళానికి ఒక అడుగు

పళ్లెంలో పట్టే పొలం, జానెడు ఎత్తైనా లేని పెంకుటిల్లు, బొటనవేలంత తులసికోట. ఇలాంటివి కట్టుకుంటూ కూర్చునే పెద్దవాళ్లను చూసినవాళ్లు ముందు అడిగేది, "ఈ వయసులో బొమ్మలాటేమిటండీ?" అని. ఇంకాసేపు నిలబడి చూశాక అడిగేది, "నాకూ చేయాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?" అని. మొదటి ప్రశ్నకు సరైన జవాబు తెలిస్తే రెండోదాంట్లో సగం చిక్కులు విడిపోతాయి. అందుకని ముందు ఎందుకు అన్నది చూసి, తర్వాత ఎలా అన్నదగ్గర తీరిగ్గా కూర్చుందాం.

చిన్నవి కడుతుంటే మనసు ఎందుకు నిలుస్తుంది?

మీరు పుట్టి పెరిగిన ఇంటి పెరడును ఒక ట్రేలో కట్టాలనుకున్నారనుకోండి. కత్తెర పట్టుకోకముందే ప్రశ్నలు మొదలవుతాయి. నుయ్యి వంటింటి గుమ్మానికి కుడివైపా, ఎడమవైపా? గట్టు ఎంత ఎత్తు? చిన్నపిల్లలు తొంగిచూసేంతా, చూడలేనంతా? గిలక ఇనుపదా, చెక్కదా? అంట్లు తోమే చోట బండ ఉండేదా, గచ్చు ఉండేదా? ఆ నీళ్లు ఎటు పారేవి, అరటి పాదులోకేనా? ఇరవై ఏళ్లు ఆ పెరట్లో తిరిగిన మనిషి కూడా ఇక్కడ తడుముకుంటాడు. తిరిగాడే తప్ప ఎన్నడూ నిలబడి చూడలేదు. ఇప్పుడు చూస్తాడు. కళ్లు మూసుకుని చూస్తాడు, అక్కకు ఫోన్ చేసి అడిగి చూస్తాడు, పాత పెళ్లి ఫొటోలో జనం వెనక కనబడే గోడను చూస్తాడు. అంతసేపూ రేపటి మీటింగూ నెలాఖరు వాయిదాలూ గుర్తుకు రావు, వచ్చినా నిలవవు.

ఈ సాధన అంతటికీ ఆయువుపట్టు ఇదే అని నా నమ్మకం. చిన్నది కట్టాలంటే పెద్దదాన్ని చూడక తప్పదు, మనసు నిలిచేది ఆ చూడటంలోనే. మైండ్‌ఫుల్‌నెస్ అనగానే కళ్లు మూసుకుని ఆలోచనలన్నీ ఖాళీ చేసుకోవాలని చాలామంది అనుకుంటారు, ఖాళీ కావడం లేదని దిగులు పడతారు. అమెరికాలో 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణలో తొలి పాఠాల్లో ఒకటి ఒక్క ఎండుద్రాక్షను తినడం. దాన్ని తిప్పి చూడటం, ముడతలు తడమడం, వాసన చూడటం, ఆ తర్వాతే కొరకడం. ఖాళీ చేయడం కాదది, ఒక చిన్న వస్తువుతో మనసును పూర్తిగా నింపడం. చిన్న దృశ్యం కట్టేవాడి చేతిలో అలాంటి వస్తువు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

రెండో కారణం పని స్వభావంలో ఉంది. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వవేత్త మనిషి పనిలో తనను తాను మరిచిపోయే స్థితిని దశాబ్దాలపాటు పరిశీలించి, 1990లో 'ఫ్లో' అనే పుస్తకంగా తెచ్చాడు. ఆ స్థితి రావాలంటే ఏం చేయాలో స్పష్టంగా ఉండాలి, చేసింది కుదిరిందో లేదో వెంటనే తెలియాలి, పని కష్టమూ మన నేర్పూ సరితూగాలి. గోరంత కిటికీ చట్రం అతికించేటప్పుడు ఈ మూడూ అక్కడే ఉంటాయి. వంకరగా అతికితే క్షణంలో కంటికి తెలుస్తుంది, జిగురు ఆరేలోపు సరిచేసుకునే వీలుంటుంది. ఆఫీసు పనిలో ఈ సుఖం ఎంత అరుదో మనకు తెలుసు. చేసినదాని ఫలితం ఆర్నెల్లకు తెలుస్తుంది, ఒక్కోసారి అసలు తెలియనే తెలియదు.

మూడోది పరిమాణం. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త క్లాడ్ లెవీ-స్ట్రాస్ 1962లో వచ్చిన తన పుస్తకంలో చిన్న నమూనాల గురించి ఒక మంచి సంగతి గమనించాడు. పెద్ద వస్తువును అర్థం చేసుకోవాలంటే ముక్కలు ముక్కలుగా చూసుకుంటూ పోవాలి. చిన్నదాంట్లో మొత్తం ముందే కళ్లకు కడుతుంది, భాగాలు తర్వాత. ఊరి మధ్య నిలబడితే ఊరు కనబడదు, ట్రేలోని ఊరు ఒక్క చూపులో కనబడుతుంది. ఆ మొత్తం మన చేతి కింద ఉందన్న భావన నిబ్బరాన్నిస్తుంది. ఏదీ మన చేతిలో లేదనిపించే రోజుల్లో ఆ నిబ్బరం చిన్న విషయం కాదు.

చిన్నదాని ముందు కాలం తెలియదంటారు, నిజమేనా?

ఈ అనుభవం ప్రయోగానికి కూడా అందింది. టెనెసీ విశ్వవిద్యాలయంలో ఆల్టన్ డిలాంగ్ ఒక గది నమూనాలను మూడు పరిమాణాల్లో చేయించాడు: అసలులో ఆరో వంతు, పన్నెండో వంతు, ఇరవై నాలుగో వంతు. ఒక్కొక్కరినీ నమూనా ముందు కూర్చోబెట్టి, అందులోని బొమ్మమనిషి తామేనని ఊహించుకోమన్నాడు. అరగంట గడిచిందనిపించినప్పుడు చెప్పమన్నాడు. నమూనా ఎంత చిన్నదైతే జనం అరగంట అయిందని అంత త్వరగా చెప్పారు. ఆ ఫలితాలు 1981లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. ఆ లెక్క అందరి విషయంలోనూ తు.చ. తప్పకుండా నిలుస్తుందని నేను పట్టుబట్టను. చిన్న గదిలోకి మనసుతో వెళ్లినవాళ్లు అక్కడ ఎక్కువ కాలం గడిపినట్లు అనుభూతి చెందారన్నది మాత్రం ఆలోచించదగ్గ విషయం. రోజులో దొరికే ఓ ఇరవై నిమిషాల ఖాళీ పెరడంత విశాలంగా తోచడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇది కొత్తగా వచ్చిన మోజేనా?

కాదు. మన ఇళ్లలో బొమ్మల కొలువు ఉంది. కోస్తాలో చాలా ఇళ్లలో సంక్రాంతికి, మరికొన్ని చోట్ల దసరాకు మెట్లు కట్టి బొమ్మలు పేరుస్తారు. మెట్ల మీది దేవుళ్ల వరస ఎలాగూ ఉంటుంది, నా కళ్లు ఎప్పుడూ ఆ మెట్ల కింద నేల మీదికే పోతాయి. అక్కడ ఆడపిల్లలు ఊరు కడతారు. ముందుగానే పళ్లెంలో మట్టి పోసి ఆవాలో మెంతులో రాగులో చల్లి, మొలకలొచ్చాక దాన్ని తెచ్చి పొలమని పెడతారు. అద్దం ముక్క చెరువవుతుంది, దాని అంచులు కనబడకుండా ఇసుక పోస్తారు. కొండపల్లి బొమ్మల్లో తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, దంపుళ్ల ఆడవాళ్లు ఆ ఊరికి జనం. ఆ బొమ్మలు చేసే పద్ధతి కూడా మనకు పనికొచ్చే పాఠమే. తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, చేతులూ కాళ్లూ తలా విడివిడిగా చేసి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఇంత చిన్న బొమ్మను మొత్తంగా చెక్కడం కంటే భాగాలుగా చేసి కూర్చడం సులువని తరాల కిందటే కనిపెట్టారు.

కొలువు పండగకు వచ్చి పోతుంది. ఒక మనిషి తనకోసం, ఎవరికీ చూపించకుండా, ఇలాంటి ఊరు కట్టుకున్న సందర్భాల్లో నాకు బాగా ఇష్టమైనది కార్ల్ యూంగ్‌ది. ఫ్రాయిడ్‌తో తెగతెంపులైన రోజులు, 1913 ప్రాంతం. వయసు నలభైకి దగ్గర పడుతోంది, పేరున్న వైద్యుడు, లోపల మాత్రం ఏ దారీ తోచని అయోమయం. పదేళ్ల వయసులో రాళ్లతో ఇళ్లూ కోటలూ కట్టుకుని ఎంత ఉత్సాహంగా ఆడేవాడో అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుపడుతూనే మళ్లీ మొదలుపెట్టాడు. స్విట్జర్లాండ్‌లో తన ఇంటి దగ్గరి సరస్సు ఒడ్డున రాళ్లేరుకుని, మధ్యాహ్న భోజనం కాగానే కూర్చుని, రోగులు వచ్చేవరకూ కట్టేవాడు. పని త్వరగా ముగిస్తే సాయంత్రం మళ్లీ. కుటీరాలు, కోట, చివరికి ఒక ఊరు. ఊళ్లో చర్చి లేదని గమనించి అదీ కట్టాడు, లోపల పూజాపీఠం దగ్గర చేయి ఆడలేదు. ఒకరోజు ఒడ్డున నడుస్తుంటే నాలుగు పలకల ఎర్రరాయి ఒకటి, అంగుళంన్నర ఎత్తుది, కనబడింది. తెచ్చి గుమ్మటం కింద పెట్టాడు. కడుతున్నంతసేపూ తన ఆలోచనలు తేటపడేవని ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ పీఠం కోసం రోజుల తరబడి ఆగడం, దొరికినప్పుడు ఇదే అని గుర్తుపట్టడం నాకు ఈ వృత్తాంతంలో అన్నిటికన్నా విలువైనవిగా తోస్తాయి. దుకాణానికి వెళ్లి పీఠం కొనుక్కుంటే ఆ ఎదురుచూపూ లేదు, ఆ గుర్తుపట్టడమూ లేదు.

తర్వాత లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే పిల్లల వైద్యురాలు 1928లో క్లినిక్ తెరిచి, ఇసుక ట్రేలూ చిన్న బొమ్మలూ పిల్లల ముందు పెట్టింది. మాటల్లో చెప్పలేనిది వాళ్లు ఇసుకలో కట్టి చూపించేవారు. యూంగ్ సంప్రదాయానికి చెందిన డోరా కాల్ఫ్ ఆమె దగ్గర నేర్చుకుని స్విట్జర్లాండ్‌లో 'శాండ్‌ప్లే' పద్ధతిని తీర్చిదిద్దింది. హయావో కవాయ్ దాన్ని 1960లలో జపాన్‌కు తీసుకెళ్లాడు. ట్రేలలో చిన్న ప్రకృతి దృశ్యాలు అమర్చుకునే అలవాటు అక్కడ ముందే ఉండటంతో అది తేలిగ్గా నాటుకుంది.

ఏం కట్టాలి? ఎంత కట్టాలి?

ఒక మూల చాలు. ఊరంతా కడదామని కూర్చునేవాళ్లు సగంలో వదిలేస్తారు, అందుకు బద్ధకమొక్కటే కారణం కాదు. ఊరంతా కట్టేటప్పుడు దేన్నీ చూసే తీరిక ఉండదు, ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్లు వస్తాయి. పెరటి నుయ్యి, అరుగు మీద వాలుకుర్చీ, రైల్వే స్టేషన్‌లో సిమెంటు బెంచీ, టీకొట్టు, చింతచెట్టు కింద మంగలి కుర్చీ. ఇలాంటివాటిలో మీకు బాగా తెలుసనుకున్నది ఒకటి తీసుకోండి. ఎంత తెలియదో కట్టేటప్పుడు బయటపడుతుంది.

కొందరికి ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అమ్మేశారు, పడగొట్టి అపార్టుమెంటు లేపారు, లేదా శ్రీశైలం జలాశయం కింద ఊరికి ఊరే పోయింది. అలాంటివాళ్లకు ఈ పని మరో రకంగా బరువెక్కుతుంది. కట్టుకోండి, కానీ మొదటి ట్రేకే అక్కడికి వెళ్లకండి. చేయి కాస్త కుదిరాక వెళితే ఆ ఇంటికి న్యాయం చేయగలుగుతారు.

గతంతో పని లేకుండా చేయాలనుకునేవారికి జపాన్‌కు చెందిన తనాకా తత్సుయా దారి ఉంది. ఆయన 2011 ఏప్రిల్ నుంచి రోజుకొక చిన్న దృశ్యం చేసి ఫొటో తీసి 'మినియేచర్ క్యాలెండర్' పేరుతో పెడుతున్నాడు. బ్రకోలీ చెట్టవుతుంది, దాని కింద వేలిగోరంత మనుషులు నీడకు కూర్చుంటారు. మన వంటింట్లో కరివేపాకు రెమ్మ, జంతిక, ఇడ్లీ ప్లేటు ఏమేం కాగలవో మీరే చూడండి. అక్కడ చూడాల్సింది జ్ఞాపకాన్ని కాదు, ఎదురుగా ఉన్న వస్తువు ఆకారాన్ని.

ట్రే విషయంలో కాల్ఫ్ ఇసుక ట్రే మంచి ఆధారం: 72 సెంటీమీటర్ల పొడవు, 57 వెడల్పు, 7 లోతు. తల తిప్పకుండా ఒకే చూపులో పట్టాలన్నది దాని వెనక ఆలోచన. మొదటిసారికి అంతకన్నా చిన్నది, పన్నెండు అంగుళాలకు పద్దెనిమిది, సరిపోతుంది. మిఠాయి పెట్టె మూత అయినా పర్లేదు.

కొలతలు ఎలా వేసుకోవాలి?

బొమ్మరిళ్లు కట్టేవాళ్లు ప్రపంచమంతటా ఎక్కువగా వాడే కొలత అడుగుకు ఒక అంగుళం, అంటే పన్నెండో వంతు. ట్రేలో దృశ్యానికి అది పెద్దదవుతుంది. అందులో సగం, అడుగుకు అరంగుళం, నేను సూచించేది. పన్నెండుకు పద్దెనిమిది అంగుళాల ట్రేలో 24 అడుగులకు 36 అడుగుల పెరడు పడుతుంది. ఆరడుగుల గుమ్మం మూడంగుళాలు. రెండడుగుల అరుగు ఒక అంగుళం. మూడడుగుల ముగ్గు అంగుళంన్నర. అడుగులూ అంగుళాలూ మేస్త్రీల నోట విని పెరిగినవాళ్లం కాబట్టి ఈ లెక్క మనకు నోటికే వచ్చేస్తుంది.

ఒకసారి కొలత పెట్టుకున్నాక దాన్ని తప్పకండి. చెయ్యి ఎంత నైపుణ్యంగా పనిచేసినా గుమ్మం కన్నా చేద పెద్దదైతే కన్ను ఒప్పుకోదు. అట్టముక్కతో మూడంగుళాల్లోపు మనిషి ఆకారం ఒకటి కత్తిరించి దగ్గర పెట్టుకోండి. ఏది చేసినా దాని పక్కన నిలబెట్టి చూడండి: ఈ మనిషి ఈ అరుగు మీద కూర్చోగలడా, ఈ నూతిలోకి వంగగలడా?

ఏ వస్తువులతో కట్టాలి?

కొనాల్సినవి కొన్నే: బ్లేడు కత్తి, స్టీలు స్కేలు, ఫెవికాల్, గరుకు కాగితం, పోస్టర్ రంగులు, సన్న కుంచె ఒకటి, చిన్న పట్టకారు. మిగతావి ఇంట్లోనే ఉంటాయి, వాటిని గుర్తుపట్టడమే సాధన.

ఇంటి కప్పుకు అట్టపెట్టె తీసుకోండి. పైపొర తడిపి నెమ్మదిగా ఒలిస్తే లోపల గాడులు బయటపడతాయి. మామూలు పెట్టెల్లో గాడికీ గాడికీ ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. ఇరవై నాలుగు రెట్లు చేయండి: 14 నుంచి 19 సెంటీమీటర్లు. గూనపెంకు వెడల్పు ఇంచుమించు అంతే. గాడులకు అడ్డంగా అంగుళంలోపు పట్టీలు కోసి, చూరు దగ్గర మొదలుపెట్టి ఒకదాని మీదికి మరొకటి కాస్త ఎక్కేలా నడికప్పు దాకా అతికించుకుంటూ పోవాలి. నిజం పెంకులు నేసేదీ అలాగే, వాననీరు లోపలికి దిగకుండా. కొబ్బరి పీచుతో పాక కప్పినా కింది నుంచే పైకి పోవాలి. ఎందుకు అలా కప్పుతారో చిన్నప్పుడు ఎవరూ చెప్పకపోయినా ఇప్పుడు వేళ్లకు అర్థమవుతుంది.

నూతికి వెడల్పాటి టేపు చుట్ట అయిపోయాక మిగిలే అట్టచక్రం పనికొస్తుంది. దాని అడ్డకొలత మూడంగుళాలు, అంటే ఆరడుగుల నుయ్యి. గట్టు రెండున్నర అడుగులు ఉండాలంటే చక్రాన్ని అంగుళం పావుకు కోయాలి. రెండు చొక్కా గుండీలను వీపులు కలిపి అతికిస్తే మధ్యలో సన్నని గాడి మిగులుతుంది, అదే గిలక. కుట్టుదారం చాంతాడు. పెన్ను మూత ముక్క చేద. వాసాలకు చీపురుపుల్లలు, తలుపులకు ఐస్‌క్రీం పుల్లలు. ఎండిన తులసి కొమ్మల్లో పిల్ల చెట్టు ఆకారం అచ్చంగా ఉంటుంది. వాడేసిన టీపొడిని బాగా ఎండబెడితే తడి పెరటి మన్ను రంగు వస్తుంది, తేమ మిగిలితే బూజు పడుతుంది కాబట్టి రెండు మూడు ఎండలు చూపించండి.

కోసేటప్పుడు ఒకే దెబ్బకు తెగాలని చూడకండి. స్కేలు ఆనించి తేలిగ్గా మూడు నాలుగుసార్లు గీస్తే అంచు నున్నగా వస్తుంది, వేళ్లూ భద్రంగా ఉంటాయి. మన్నూ ఇసుకా నిలవాలంటే ముందు పొడిగా చల్లి, ఫెవికాల్‌లో సమానంగా నీళ్లూ ఒక చుక్క అంట్లుతోమే ద్రవమూ కలిపి, డ్రాపర్‌తో చుక్కచుక్కగా వదలాలి. ఆ సబ్బుచుక్క లేకపోతే జిగురు మన్నులోకి ఇంకకుండా పైనే గోళీలు కడుతుంది.

అన్నీ సరిగా చేసినా బొమ్మలాగే ఉంటుందే?

చాలాసార్లు తప్పు మన చేతిది కాదు, కొలత తగ్గించలేని వస్తువులది. ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు ఈ ట్రేలో 24 మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. అందుకే పెరడు నిండా కంకర పోసినట్లు కనబడుతుంది. పలుచని నూలుగుడ్డతో జల్లించి, రాలిన దుమ్మునే వాడండి. బట్ట కూడా అంతే. చిన్న తువ్వాలు దండెం మీద వేస్తే కర్రలా నిలబడుతుంది, ముడతలు పడదు. పలుచని టిష్యూ కాగితాన్ని జిగురునీళ్లలో ముంచి వేళ్లతో మడత పెట్టి ఆరనిస్తే వేలాడినట్లుంటుంది. నిజం నీరు ఈ పరిమాణంలో చుక్కలుగా ఉబ్బిపోతుంది, అద్దమే నయం.

రంగు మరో కారణం. సీసాలోంచి తీసిన ఎరుపు ఎరుపుగానే వేస్తే కన్ను దాన్ని ప్లాస్టిక్ అనుకుంటుంది. దూరంగా ఉన్న వస్తువు రంగు గాలిలో కొంత వెలిసి కనబడుతుంది. మన ట్రేని మనం దూరం నుంచి చూస్తున్న ఊరిగా భావిస్తాం కాబట్టి ప్రతి రంగులోనూ కాస్త తెలుపో బూడిదరంగో కలపాలి. తర్వాత అరుగుదల. గడప మధ్యలో అరుగుతుంది, అంచుల్లో కాదు. సున్నపు గోడ మీద చెమ్మ కింది నుంచి ఎక్కుతుంది. గిలక కింద తాడు ఒరుసుకున్న గీత నూతిగట్టు మీద ఒకేచోట ఉంటుంది. ఎవరు ఎటు నడిచారో, ఎక్కడ ఆనుకున్నారో తలచుకుంటే అరుగుదల ఎక్కడ వేయాలో తెలిసిపోతుంది.

ఈ చూపును ఎంతదూరం తీసుకెళ్లవచ్చో చెప్పడానికి ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీని మించిన ఉదాహరణ లేదు. 1940లలో ఆమె అమెరికా పోలీసులకు అనుమానాస్పద మరణాలను పరిశీలించడం నేర్పడానికి, అడుగుకు అంగుళం చొప్పున గదులు కట్టింది. గుండుసూదులతో మేజోళ్లు అల్లింది. గోడ కాగితం వెలిసిన తీరు, క్యాలెండర్‌లో నెల, వంటగట్టు మీద సగం తొక్క తీసిన బంగాళదుంప, ప్రతిదీ సాక్ష్యమే. శిక్షణకు వచ్చినవాళ్లు ఒక్కో గది ముందూ టార్చిలైటు పట్టుకుని చూస్తూ నిలబడేవారు. వాటిలో 18 ఇప్పటికీ బాల్టిమోర్‌లో మేరీల్యాండ్ చీఫ్ మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయంలో ఉన్నాయి. విషయం భయంకరమైనదే, కానీ ఆమె కట్టింది చూపు నేర్పడానికి. మన పెరటికి కూడా ఆ శ్రద్ధ తగినదే.

చేస్తున్నప్పుడు మనసును ఎలా ఉంచాలి?

కూర్చోగానే చేయి పెట్టకండి. కాసేపు ట్రేని ఊరికే చూడండి, కళ్లు అరుగు ఎత్తుకు వచ్చేలా వంగి కూడా చూడండి. పైనుంచి చూస్తే అది నమూనా, ఆ ఎత్తు నుంచి చూస్తే చోటు. ఈ పూట చేసే పని ఒక్కటే అనుకోండి: కిటికీ ఊచలు, అంతే. ఆ ఒక్కటీ అయ్యేదాకా ఇంకోదాని గురించి ఆలోచన వస్తే రానివ్వండి, పట్టకారు కొస మీదికి మళ్లీ కళ్లు తిప్పుకోండి. చిన్న ముక్కను దాని స్థానంలో పెట్టేటప్పుడు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. పెట్టాక దాన్ని వదలడం గమనించండి.

జిగురు ఆరే సమయం ఈ సాధనలో అందరికన్నా కఠినమైన గురువు. ఫెవికాల్ పట్టు బిగియడానికి అరగంటైనా కావాలి, పూర్తిగా ఆరడానికి రాత్రంతా. అతుకు కదిలిందేమోనని మళ్లీ మళ్లీ ముట్టుకునే చేతికి ఆ ముట్టుకోవడం వల్లే అతుకు కదులుతుందని అర్థం కావడానికి కొంతకాలం పడుతుంది. ఆ వ్యవధిలో ఫోన్ తీయకండి. తీరా తీస్తే, ఇలాంటివి కట్టేవాళ్ల వీడియోల్లో పడి గంట పోతుంది, లేచేసరికి మన నుయ్యి మనకే నాసిగా కనిపిస్తుంది. పోలిక ఈ పనికి విషం. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి దూరంగా ఉన్న చెట్టును చూడండి. దగ్గరి పనిలో ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరం ఉన్నదేదో ఇరవై సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్పేదీ అదే.

తయారుగా దొరికే కిట్లు కొనుక్కోవచ్చా అని చాలామంది అడుగుతారు. లేజర్‌తో కోసిన చెక్కముక్కలు, అంకెలు వేసిన సంచులు, బుల్లి లైట్లు. చేతికి అలవాటు కావడానికి ఒకటి చేయడంలో తప్పులేదు, బిగుసుకున్న వేళ్లు సాగుతాయి. కానీ అందులో చూడాల్సినదంతా ఇంకెవరో చూసేశారు. ఏ దేశపు పుస్తకాల కొట్టో మనం అతికిస్తాం, ఆ కొట్టులో మనం ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఒక కిట్ తర్వాత సొంత పెరటికి రండి.

దీన్ని చికిత్స అనుకోవచ్చా?

వద్దు. లోవెన్‌ఫెల్డ్, కాల్ఫ్ చేసింది చికిత్స, దాని వెనక శిక్షణ పొందిన మనిషి ఉన్నారు. ఇంట్లో మనం చేసుకునేది మనసుకు మంచి అలవాటు మాత్రమే. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే, బతకాలనిపించకపోతే ట్రే ముందు కూర్చోవడం సరిపోదు. డాక్టరును కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పూర్తయ్యాక ఏం చేయాలి? పిల్లలు చెయ్యి పెడితే?

దుమ్ము పడకుండా ఉంచుకోవాలంటే పైన గాజుపెట్టె బోర్లించండి, దుమ్ము పడితే మెత్తటి మేకప్ బ్రష్‌తో తుడవండి. ఎండ తగిలే కిటికీలో పెడితే పోస్టర్ రంగులు వెలిసిపోతాయి. చోటు లేనివాళ్లు కొన్నాళ్లు చూసుకుని విప్పేయవచ్చు. కొలువు ప్రతి ఏడూ విప్పి పెట్టెల్లో సర్దేదే కదా. గుండీల గిలకనూ అట్టమనిషినీ దాచుకోండి, తర్వాతి ట్రేకు పనికొస్తాయి.

పిల్లలు తప్పకుండా చెయ్యి పెడతారు. వాళ్లను కసరకుండా, పక్కనే వాళ్లకొక ట్రే, కాస్త ఇసుక, నాలుగు బొమ్మలు ఇవ్వండి. వాళ్ల దాంట్లో కారు కన్నా కోడి పెద్దదైనా కొలతలు సరిచేయకండి, ఇది ఏమిటి, అది ఎందుకు అని ఆరా తీయకండి. శాండ్‌ప్లే చేసేవాళ్లు పాటించే ఒక నియమం ఇంట్లో కూడా పనికొస్తుంది: పిల్లవాడు కట్టినదాన్ని వాడి కళ్లెదుట తీసేయకూడదు. వాడు నిద్రపోయాక ఇసుక జల్లించుకుని, బొమ్మలు కడిగి, ట్రే ఖాళీ చేసి పెట్టండి.